గీత లోతు

గాలి లేవకముందే పని మొదలుపెట్టాల.
ఆషాఢమొస్తే అనంతపురంలో
తాడిపత్రి రోడ్డు దుమ్మంతా మా రేకుల షెడ్డుకే చుట్టం.
ఒక్క ఇసుక రవ్వ ప్యాడు కింద దూరిందంటే
దాని చేతికి బలపమిచ్చి
బానెట్టు మీద సున్నాలు దిద్దించినట్టే.

ఓబులేసుకు రోజూ చెప్పేది ఇదే:
మిషన్ను అదమొద్దు, దాని బరువు దాన్ని మొయ్యనీ.
అంచుల కాడ టేపు వెయ్యి, ఆడ పెయింటు పల్చన,
మోకాలి చిప్ప మీద తోలు మాదిరి.
కాంపౌండు నాలుగు చుక్కలు చాలు, కందిగింజలంత.
తక్కువ స్పీడులో పూసి, తర్వాత పెంచు.
వాసనొస్తే ఆపు.
వాసన రాకముందే ఆపితే ఇంకా మేలు.

ఒకరోజు అడిగినాడు వాడు,
"తీసిన గీత యాడికి పోతాదన్నా?"
యాడికీ పోదురా.
దాని చుట్టూ ఉన్నదాన్నంతా
గీత లోతు దాకా దించుతాం, అంతే.
"అయితే గీతే గెల్చినట్టు కదన్నా!"
నేను నీళ్ల బాటిలు వాని చేతికిచ్చి
పో, డోరు తడుపు అన్నా.

మా జేజినాయన విల్లు భుజానేసుకుని
ధర్మవరం దాకా పరుపుల దూది ఏకినోడు.
తంతి మోగితే వీధికి తెలిసేదంట.
ఆ విల్లు నేను పట్టలేదు.
గొర్రెబొచ్చు ప్యాడు మందు తాగి గడ్డ కడితే
పాత టూత్ బ్రష్షుతో విప్పుతా కూర్చుంటా,
అప్పుడు మాత్రం చెయ్యి ఎవరిదో అవుతాది.
రాత్రి సంగటి ముద్ద కూడా వేళ్లలో వణుకుతాది
మిషను ఆపి నాలుగు గంటలైనా.

మాఘంలో రంగప్ప తెచ్చినాడొక నల్ల బండి.
కుడి వెనక డోరుకు జానెడు గీత,
బానెట్టు నిండా సాలెగూడు,
పైన బోరునీళ్ల ఉప్పు మచ్చలు.
"శనివారం గిరాకీ వస్తాడు ఖలందరూ.
తియ్యాల్సిన పన్లేదు, కనపడకుంటే చాలు."
మూడువందలు ఎక్కువే పెట్టినాడు జేబులో.
గ్లేజు నింపినా.
గీతలో పేరునెయ్యి మాదిరి కూర్చుంది.
రంగప్ప ఆ డోరులో చూసుకుంటా మీసం దువ్వుకున్నాడు.

ఫాల్గుణం దాటకముందే అదే బండి.
మనిషికంటే ముందు డోరును గుర్తుపట్టినా.
కుళ్లాయప్పంట, ఉరవకొండ దిక్కు,
ముప్పై గొర్రెలమ్మి మొదటి కంతు కట్టినాడంట.
"కొన్నప్పుడు లేదప్పా ఇది.
రెండుసార్లు కడిగినా, అంతే,
నీళ్లే గీసినట్టు తేలింది."
కరెంటు లేదు. చేతిలైటు దగ్గరగా పెట్టి
చూసిందే చూస్తా ఉన్నా.
ఊ అనలేదు.

బల్ల మీది ప్యాడు తీసుకుని
బొటనవేళ్లతో బొచ్చు విడదీసి చూసినాడాయన.
"మన సీమ గొర్రెది కాదిది.
మనవి కంపల్లో మేసేవి, ఇంత మెత్తగుండవు."

మీటరు పెట్టినా.
పైకప్పు మీద నూట పది. డోరు పైన తొంభై.
గీత పక్కన అరవై.
నాకంటే ముందే ఎవరో గట్టిగా తిన్నారు దాన్ని.
మిగిలింది ఉల్లిపొర.
"ఇంకా తీస్తే అడుగు తేలిపోతాదప్పా.
చుట్టూ మెరిపిస్తా. ఇది మాత్రం ఉంటాది."

"ఉండనీలే" అన్నాడు కుళ్లాయప్ప.
"మందలో కలిసినా మనది మనకు తెలియాలనే కదా
గొర్రెకు చెవి కోసేది."

చెప్పాలనే నోరు తెరిచినా.
కరెంటొచ్చింది. ఓబులేసు స్విచ్చేసినాడు.
ఆ రొదలో ఏ మాటైనా ఒకటే.

సాయంత్రం లెక్క చెప్పేటప్పుడు
మూడువందలు తగ్గించి చెప్పినా.
"సరిగ్గా కూడినావా అప్పా?" అని
రెండుసార్లు అడిగినాడు మనిషి.
కూడినా అన్నా.

బండి గేటు దాటి రోడ్డెక్కింది.
ఓబులేసు గుడ్డలు పిండుతా
నా దిక్కే చూస్తా ఉన్నాడు.
మాఘంలో ఆ గ్లేజు డబ్బా మూత తీసిచ్చింది
వాడే.